సేకరించినవారు

కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నా పక్కన ఒక చెంచు పెద్దాయన కూర్చున్నాడు. యూనివర్సిటీ చదువు మానేసి ఇంటికొచ్చిన కూతురి సామాను తెస్తున్నాడట. కాళ్ల దగ్గర రేకుపెట్టె, ఒడిలో ఎండిన ఆకులు అతికించిన ఆమె హెర్బేరియం పుస్తకం.

కుదుపుకి ఊడిన ఎండుటాకును మెల్లగా సర్దుతూ అన్నాడు: "ఈ ఆకులన్నీ మాయమ్మే కోసిచ్చినాది సార్. అందుకే పాప ఆమె పేరు రాసినాది."

ప్రతి పేజీ కిందా 'సేకరించినవారు' అన్నచోట గురవమ్మ అని ఉంది. ప్రతి గురవమ్మ మీదా ఎర్రగీత.

"చదువురాని ముసల్దానికి సైన్సు తెలుస్తాదా అని సారు కొట్టేసినాడంట. క్లాసంతా నవ్వినారంట. ఇంగ పోనంటాండాది. మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి సార్, ఇందులో తప్పేముండాది?"

"తప్పేమీ లేదప్పా."

"మరి ఎందుకు కొట్టేసినాడు?"

నేనూ వేరే కాలేజీలో బాటనీ చెప్పేవాణ్ణేనని, ఆ గడిలో అవ్వల పేర్లు నేనూ కొట్టేశానని ఆయనకు చెప్పలేకపోయాను. చొక్కా జేబులోని ఎర్రపెన్ను కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆత్మకూరు దాకా అలాగే కూర్చున్నాను.