పదహారు రంగుల సూర్యారావు

ముప్ఫై ఏళ్లు నిండకముందే ఊర్మిళ మనుషుల్ని రెండు రకాలుగా విడగొట్టేసింది. తెలియదని ఒప్పుకునేవాళ్లు ఒక రకం, మల్లేశ్వరరావు రెండో రకం.

మల్లేశ్వరరావు ఆమె యజమాని. గుఢియారీ అనే హిందీవాళ్ల పేటలో, రైలు కట్టకు ఇవతల ఒక్క గది కంప్యూటర్ దుకాణం ఆయనది. మూడు నెలల కోర్సు సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, రోజూ దాని ముందు అగరొత్తి వెలిగించేవాడు. పని మాత్రం ఊర్మిళది. విజయనగరం నుంచి వచ్చిన రైల్వే ఫిట్టరు కూతురు. స్కానరు, టైపు, అన్నీ తడుముకుంటూ తనే నేర్చుకుంది.

1999లో అక్కడి తెలుగువాళ్ల సంఘం సావనీరు సంచిక వేయిస్తూ, పోయిన సభ్యుల ఫొటోలకు ఒక పేజీ కేటాయించింది. పోయిన రైలు గార్డు సూర్యారావు భార్య సూరమ్మ గోడ మీది ఫొటో తీసి, కొంగులో చుట్టుకుని తెచ్చింది. రంగుల్లో ఆయనది అదొక్కటే. ఊర్మిళ స్కాన్ చేసి వెంటనే తిరిగిచ్చేసింది.

ఆ ఫైలు బీఎంపీ. ప్రతి చుక్క రంగునూ విడివిడిగా రాసుకునే రకం కాబట్టి ఆరున్నర ఎంబీ అయింది. ప్రెస్సుకు పంపాల్సిన ఫ్లాపీలో ఒకటిన్నర కూడా పట్టదు.

"జేపెగ్ చేస్తే సరి, సైజు తగ్గుతాది," అని మల్లేశ్వరరావు కుర్చీ లాక్కున్నాడు. ఫైలు పేరు చివర బీఎంపీ చెరిపి, జేపెగ్ ఫైళ్లకుండే జేపీజీ అని కొట్టాడు. "చూసినావా? కన్వర్ట్ హోగయా."

తిల్దా రైసు మిల్లులో వడ్ల బస్తా మీద బియ్యం అని రాసినట్టుంది, అనుకుంది ఊర్మిళ. ఫైలు ఫ్లాపీలో పట్టలేదు. ఫ్లాపీలే ఖరాబని ఆయన మూడు పారేశాడు. తర్వాత పాత పేరే పెట్టి, పెయింట్‌లో తెరిచి, పదహారు రంగుల రకం ఎంచుకున్నాడు. రంగులు పోతాయని కంప్యూటరు హెచ్చరించింది. చదవకుండా ఓకే నొక్కాడు. ఒక్క ఎంబీకి దిగింది. అసలు ఫైలు మీదే సేవ్ చేశాడు.

వెనక నిలబడ్డ ఊర్మిళకు అంతా తెలుసు. నోరు విప్పలేదు. ప్రెస్సువాళ్ల ముందు ఆయన పరువు పోతే చూడాలనిపించింది.

మూడు రోజులకు ప్రూఫు దుకాణానికి వచ్చింది. చూడ్డానికి సూరమ్మ వచ్చింది. సూర్యారావు మొహం నిండా బూడిదరంగు, ఆకుపచ్చ మచ్చలు. కళ్ల చోట రెండు నల్ల ముద్దలు.

"ఇదేటమ్మా? ఆయనకి బొల్లి లేదు గదా."

"స్కానింగు ఈ అమ్మాయిదేనండి. పని మీద ధ్యాన్ లేదు," అన్నాడు మల్లేశ్వరరావు.

బదులివ్వబోయిన ఊర్మిళ ఆగిపోయింది. సూరమ్మ ఎవరి మాటా వినకుండా ఆ నల్ల ముద్దల మీద వేలితో రాస్తోంది, తుడిస్తే పోతాయన్నట్టు. మూడు రోజులుగా తాను లోలోపల నవ్వుకున్నది ఈ మొహాన్ని పణంగా పెట్టేనని అప్పుడు తట్టింది.

"తప్పు నాది కూడా పిన్నీ. పాడవుతుంటే చూస్తా ఊరుకున్నాను. ఫొటో ఇంకోసారి ఇవ్వండి."

"ఇవ్వనమ్మా. ఇల్లు దాటనివ్వను."

ఆదివారం ఊర్మిళ దుకాణం తాళం తీసి, యజమానిని అడక్కుండానే కంప్యూటరు, స్కానరు రిక్షాలో వేసుకుని రైల్వే క్వార్టర్లలో సూరమ్మ ఇంటికి వెళ్లింది. సూరమ్మ కళ్లెదుటే స్కాన్ చేసింది. ఏమీ పోగొట్టని టిఫ్ రకంలో ఒకటి దాచి, దాని నుంచి జేపెగ్ తీసింది.

"ఇది సైజు తగ్గడానికి కంటికి ఆనని తేడాలు కొన్ని వదిలేస్తాది పిన్నీ. మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంచెం వదిలేస్తాది. అందుకే అసలుది ముట్టుకోను."

"వదిలేస్తాదంటన్నావు. మీసాలున్నాయా?"

"ఉన్నాయి. చూడండి."

సూరమ్మ తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది. "సరే, అట్టుకెళ్లు," అంది.

సావనీరులో సూర్యారావు మీసాలతో సహా బాగానే పడ్డాడు. చివరి పేజీలో 'ఫొటోల సాంకేతిక నిర్వహణ: కంప్యూటర్ నిపుణులు మల్లేశ్వరరావు' అని వేశారు. ఊర్మిళ అది చదివి, తాళాలు ఆయన బల్ల మీద పెట్టి, ఆ వారమే ప్రెస్సులో చేరింది. ఎవరు ఫైలు పాడుచేస్తున్నా అక్కడికక్కడే మొహాన చెప్పేయడంతో, అక్కడ ఆమెకు నోటి దురుసు మనిషని పేరు వచ్చింది. పాత ఫొటోలు ఉన్నవాళ్లు భయపడుతూనే ఆమెకోసం అడిగేవారు.