నా ముఖంలో ఉప్పు చూసిన మామ

మా వంట మామ పోయాడు. సోమవారం పొద్దున వంటగదిలో బీన్స్ తుంచుతుంటే ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. మామ కూతురు చేసింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వెవరో నాకు తెల్వది తమ్మీ" అంది. "మా బాపు ఫోన్ల అందరికీ పేర్లున్నయి. నీ నంబరుకు మాత్రం 'నాలుక' అని రాసుకున్నడు. అందరికీ చెప్పుకుంట వస్తున్న. బాపు నిన్న పోయిండు."

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, మనవరాలి పక్కన పడుకుని, మళ్లీ లేవలేదట. ఆసుపత్రి లేదు, నొప్పి లేదు. అన్నంలోకి బీరకాయ కూర అని కూడా చెప్పింది. మామ కూతురు కదా. మామ కూడా ఇక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, బాగున్నారా అనే ముందు ఏం కూర అని అడిగేవాడు.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఏడుస్తుంటేనే, ఐదు నెలలుగా గుండె మీద ఉన్న బరువు కూడా దిగింది. మనిషి పోయినప్పుడు ఇలా రాయొచ్చో లేదో నాకు తెలియదు. నా వల్లే మామ పని పోయిందని, నా వల్లే ఇంటికి వెళ్లిపోయాడని ఈ ఐదు నెలలూ అనుకుంటూ ఉన్నాను. అది నిజం కాదని ఆ ఫోన్‌లోనే తెలిసింది. ఎదురుగా అయితే నేను మాట్లాడలేను. అందుకే ఫోన్‌లో టైపు కొట్టి మీకు పంపుతున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, తప్పులుంటే సర్దుకోండి.

సౌదీలో ధహ్రాన్‌లో విదేశీ ఇంజనీర్లు ఉండే ఒక కాంపౌండ్‌లో మాది వంటగది. మామది జగిత్యాల వైపు. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మేము సాయిబులం. నేను వచ్చి ఏడాదిన్నర అయింది. మామ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వంటగదిలో అందరూ మామ అనే పిలిచేవారు, నేనూ అంతే. ఏసీ చల్లదనానికి తలకు ఉన్ని టోపీ పెట్టుకునేవాడు. పొయ్యి దగ్గర చెమటలు పట్టినా అది తీసేవాడు కాదు.

ప్రతి గురువారం ఇంజనీర్లకు బీన్స్ బేకన్ చేస్తాం. బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టి, పొగ పట్టించిన మాంసం పట్టీలు. వేరే దేశాల్లో పంది మాంసంతో చేస్తారట. ఇక్కడ ఆవు మాంసంతో చేసినవి దొరుకుతాయి. పట్టీలను వేయించి, కారిన కొవ్వులో ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసి, బీన్స్ వేసి, కొంచెం వేడినీళ్లు పోసి మూతపెట్టాలి. బీన్స్ పచ్చరంగు పోయి మెత్తగా అయ్యేదాకా సన్నమంట మీద ఉంచాలి. పెద్ద హోటళ్లలో అయితే కరకరలాడేటట్టు దించేస్తారు. మా వాళ్లకు మెత్తగానే కావాలి. ఒక ముసలి ఇంజనీరు వంటగది తలుపు దాకా వచ్చి, అచ్చం మా అమ్మ చేసినట్టే ఉందని మామ చెయ్యి పట్టుకుని ఊపి పోయాడు.

అంత బాగా చేసే మామ ఆ కూర ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఆవు మాంసం తినడు. ఎలా వండుతావు మామా అని అడగాలనిపించేది. అడగలేదు. తనే చెప్పాడు.

"నేను తిననని, తినెటోనికి మంచిగ వండొద్దా?"

నన్ను పొయ్యి దగ్గరికి పిలిచిన మొదటి రోజు, పెనం వేడెక్కాక పట్టీలు వెయ్యబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సల్లటి పెనం మీద పెట్టు. ఏడి పెనం మీద ఏస్తే ముడుసుకపోతది, నీ లెక్కనే. సన్నమంట మీద నిమ్మలంగ ఎచ్చవెడితే, లోపలున్నదంత అదే ఇడుస్తది."

పక్కవాళ్లు నవ్వారు. నేను ముడుచుకుపోయాను. కానీ పట్టీలు నిజంగానే నెమ్మదిగా కొవ్వు వదిలాయి.

కూర అయ్యాక ఒక చెంచా నాకిచ్చాడు. నోట్లో పెట్టుకున్నాను. ఎట్లుంది అన్నాడు. చెప్పాలని నోరు తెరిచాను, మాట రాలేదు. మామ టోపీ పైకి జరుపుకుని నా ముఖంలోకి చూశాడు.

"తియ్, తెల్సింది. ఉప్పు సరిపోయింది, మిరియాలు తక్కువైనయి."

నిజంగా మిరియాలే తక్కువ. ఆ రోజు నుంచి గురువారం గురువారం అదే పని. నేను చెంచా నోట్లో పెట్టుకుంటే, మామ బియ్యం బస్తా మీద టీ గ్లాసుతో కూర్చుని నా ముఖం చూసేవాడు. "నోటితోని జెప్పకు, సూడనియ్యి" అనేవాడు. ఏనాడూ తప్పు చెప్పలేదు. చిన్నప్పటి నుంచి అందరూ నన్ను నోరు విప్పరా అని తిట్టినవాళ్లే. విప్పొద్దని చెప్పింది మామ ఒక్కడే.

తర్వాత రంజాన్ వచ్చింది. నాకు రోజా, పొద్దు గూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ముస్లింలు కాని ఇంజనీర్లకు మధ్యాహ్నం డబ్బాల్లో కట్టి పంపాలి. మామ తినడు, నేను తినకూడదు, మిగతావాళ్లదీ ఈ రెంట్లో ఏదో ఒకటే. ఇక ఉప్పు చూసేవాళ్లు లేరు. నాలుక కొసకు తగిలించి ఊసేస్తే పర్లేదని ఎవరో అన్నారు. మామ ఒప్పుకోలేదు.

"నీ ఒక్కపొద్దు నీది బిడ్డా. నా కూర కోసం దాన్ని ఖరాబ్ చెయ్యకు. ఇన్నేండ్లు వండిన, అందాజ్ మీద ఏస్త."

మామ అందాజు ఎప్పుడూ తప్పదు. తప్పింది నా చెయ్యి. మా అమ్మ బీన్స్ పెనంలో పడగానే ఉప్పు చల్లుతుంది, తొందరగా మగ్గుతాయని. పట్టీల్లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఈ కూరకు ముందు వెయ్యకూడదు, చివర్లో కొంచెమే వెయ్యాలి. నాకు తెలుసు. ఆ గురువారం మామ సామాన్ల గదికి వెళ్లినప్పుడు, ఆకలి మీద ఏదో ఆలోచిస్తూ రెండు గుప్పిళ్లు చల్లేశాను. చల్లానని కూడా గుర్తులేదు. మామ వచ్చి చివర్లో తన ఉప్పు తను వేశాడు. మూతలు పెట్టి పంపేశాం.

డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. అన్నం తిన్నారు, బీన్స్ అలాగే వదిలేశారు. మా సూపర్‌వైజర్ హైదరాబాద్ ఆయన, మామను చాచా అంటాడు. డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"చాచా, ఇందులో ఉప్పు ఎవరు వేసిన్రు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మామ నా ముఖం చూశాడు. అంతే.

"నేనే ఏసిన సారూ. సెయ్యి జారింది."

నేనే వేశానని చెప్పాలి. తల వంచుకుని గిన్నెలు సర్దుకుంటూ ఉన్నాను. సూపర్‌వైజర్ తల ఊపి వెళ్లిపోయాడు. మామ నన్ను తిట్టలేదు. గిన్నెలు కడిగాక మాత్రం, "వచ్చే గురువారం నువ్వే వండు. ఉల్లిగడ్డలు నేను కోస్త" అన్నాడు.

ఆ తర్వాత రంజాన్ అయ్యేదాకా ప్రతి గురువారం ఒక చిన్న గిన్నెలో కూర తీసి మూతపెట్టి దాచేవాడు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక, నేను ఖర్జూరం తిని నీళ్లు తాగాక, ఆ గిన్నె వేడి చేసి తెచ్చి ఎదురుగా కూర్చునేవాడు. డబ్బాలు ఎప్పుడో వెళ్లిపోయి ఉండేవి. అయినా తెలియాలి కదా అనేవాడు. నేను ఒక ముద్ద పెట్టుకునేవాణ్ని. చూసి, "ఆఁ, కుదిరింది" అని లేచేవాడు.

పండగ అయిన నెలకు మామ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కేముందు నా దగ్గరికి వచ్చాడు. ఉప్పు సంగతి చెబుదామని ఎంత ప్రయత్నించినా నోరు పెగల్లేదు. నా ముఖం చూసి, "తెలుసు తియ్. పో, పొయ్యి మీద పాలున్నయి" అన్నాడు. ఏం తెలుసో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కూరగాయలు కోసే నిజామాబాద్ అన్న అన్నాడు, "సూసిన్రా, ఇరవై ఏండ్లు చేసినా గంతే. ఒక్క పూట ఉప్పెక్కువైతే టికెట్ చేతుల పెడ్తరు." అందరూ నవ్వారు. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు, ఆయనకు ఏమీ తెలియదు. నేను బీన్స్ బుట్ట మీదకు వంగిపోయాను. అప్పటి నుంచి కూర ముందు కూర్చుంటే అదే మాట గుర్తొచ్చేది. మామ ఇంటి నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

సోమవారం మామ కూతురు ఫోన్ పెట్టేయబోతుంటే, నాలో నుంచి మాట దానంతటదే వచ్చింది.

"అక్కా, ఆ పొద్దు ఉప్పు నేనేసినా. మామ కాదు. నా వల్లే మామను ఇంటికి పంపినారు."

"ఏం ఉప్పు?" అంది. అంతలోనే గుర్తొచ్చి, "ఓ, ఆ పిలగానివి నువ్వేనా? డబ్బాలు మర్లొచ్చిన ముచ్చటా? అది బాపు మాకు మస్తుసార్లు చెప్పిండు. ఎవ్వలు పంపలేదు తమ్మీ. మోకాళ్లు నిలవడనిస్తలేవని రంజాన్ కంటే ముందే బాపే పోతనని రాసిచ్చిండు. పండగ అయినంక పొమ్మని మీ సారే ఆపిండట."

నేను గోడకు ఆనుకున్నాను. హాయిగా ఉంది.

"ఇంటికాడ గూడ గదే బీన్స్ కూర" అంది ఆమె. "పట్టీలు లేవు గదా, ఎల్లిపాయ, ఎండుమిర్చి ఏసెటోడు. మా నోట్లె ముద్ద పెట్టి, మాట్లాడకుండ్రి, మొఖాలు సూడనియ్యిండ్రి అనెటోడు. ఒక్కని మొఖం గూడ ఆ పిలగాని లెక్క చెప్పదని తిట్టెటోడు."

ఆమె ఏడుస్తూ నవ్వింది. నాకు రెండుసార్లు ఫోన్ చేసి, ఆ తర్వాత ఎందుకు చెయ్యలేదో కూడా చెప్పింది. "వాడు ఎత్తడు, ఎత్తినా మాట్లాడడు. మొఖం కనవడాలె, నాకు వీడియో నేర్పియ్యి బిడ్డా అన్నడు. రేపు మాపు అనుకుంట నేనే నేర్పియ్యలే."

ఆ రోజే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి అడిగాను. ఇన్నాళ్లలో ఆయన్ని నేను ఏదైనా అడగడం అదే మొదటిసారి. "హా, చాచా రంజాన్‌కు నెల ముందే రాసిచ్చిండు. ఎందుకు?" అన్నాడు. "ఊరికేన్నా" అన్నాను. తర్వాత, ఆ రోజు ఉప్పు వేసింది నేనేనని కూడా చెప్పాను. ఏ రోజు అని అడిగాడు. ఆయనకు గుర్తే లేదు.

నిన్న గురువారం. చల్లటి పెనం మీద పట్టీలు పరిచి, సన్నమంట పెట్టాను. కొవ్వు కారింది. ఉల్లిపాయలు, వెల్లుల్లి, బీన్స్, వేడినీళ్లు, మూత. చివర్లో చిటికెడు ఉప్పు. చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా, వెచ్చగా దిగింది. అన్నీ కుదిరాయి.

చెంచా నోట్లో ఉండగానే బియ్యం బస్తా వైపు తిరిగాను. ఎవరూ లేరు. అయినా ముఖం పైకెత్తి, బాగా కనపడేటట్టు, కాసేపు అలాగే ఉంచాను. వెనక పొయ్యి మీద మూత సన్నగా కదులుతోంది.