అక్క పెంచిన గోడ

మా లోకంలో చెట్టూ చేమా లేవు. నేల నిండా బూజూ, పుట్టగొడుగులే. ఇల్లు కట్టుకోం, పెంచుకుంటాం. తల్లి బూజు ముక్క ఒకటి నాటి రోజూ కుడితి పోస్తే గోడ లేస్తుంది, ఆపైన గొడుగు విచ్చుకుని కప్పు అవుతుంది. ఈ కాలం వాళ్లు పెరిగిన ఇళ్లలోకే దిగుతున్నారు గనక ఇంత విడమరిచి చెప్పాల్సొస్తోంది. నేను చదివింది పల్లెబడిలోనే. అయితేనేం, ఏటి మీద వంతెన పెంచింది నేనే. సంత కప్పు నా చేతిదే, ఇంతవరకూ చుక్క కారలేదు. అలాంటి నా చేత ఔరా అనిపించింది మా అక్క ఒక్కతే.

అక్క గొడుగుతోలు చెప్పులు కుట్టేది. అత్తింటి గోడలు లేచింది ఆవిడ పోసిన కుడితితోనే. బావ పోగానే ఆయన తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, "అన్నే లేడు, ఇంక నీకిక్కడేం పని వదినా?" అన్నాడు. వీధంతా చూస్తుండగా వంటింటి గోడ అంచు గుప్పెడు పీకి అక్క ఒళ్లో పడేశాడు.

"ఇదిగో నీ వాటా. వండుకు తిను!"

చూస్తున్న వాళ్లు నవ్వారు. నేనా నవ్వు మరవలేదు.

మాలో కూరకని గోడ ముక్క ఎవరికిచ్చినా మరిగే నీళ్లలో ముంచి, చంపి ఇస్తారు. ఒకే తల్లి ముక్కలు దగ్గర్లో బతికితే మట్టి కింద పోగులు పోగులు కలుస్తాయి. ఎవరు బాగా మేపితే సారమంతా అటే పోతుంది. పొగరులో మరిది ఆ ముంచడం మరిచాడు.

"మా ఇంటికి రా అక్కా," అన్నాను.

"వద్దు తమ్ముడూ. వాడి ఎదురుగా ఖాళీ జాగా ఉంది చూడు, అది ఇప్పించు."

వంతెన పెంచినవాడి మాట పెద్దలెవరు కాదంటారు? ఇచ్చారు.

ముక్క నాటింది. తోలు తుక్కు నానబెట్టి, తను పస్తుండి గోడను మేపింది. మరిది అరుగు మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటూ, "ఆ పిల్లగొడుగు కింద నీ తలైనా దూరుతుందా వదినా?" అనేవాడు.

"మీ నోరు ఆడనివ్వండి మరిది గారూ, నా గోడ పెరగనివ్వండి."

తన గోడకు చెంబెడు కుడితి పోసే ఓపిక లేదు ఆ మహానుభావుడికి. వానలొచ్చేసరికి అతని గోడ పలచబడి, లోపల అతను ముద్ద కలుపుకోవడం కూడా బయటికి కనబడింది. కప్పు మంచం మీదికి వేలాడింది. నాకే జాలేసి, "ఇంక చాల్లే అక్కా," అన్నాను.

"చాలా? నా ఒళ్లో ముక్క పడ్డప్పుడు చాలన్నవాడు ఒక్కడున్నాడా?"

ఒక తొట్టెడు కుడితి నేనే మోసుకొచ్చి అక్క గోడకు పోశాను.

మర్నాడు ఆ ఇల్లు దండెం మీది తడిబట్ట జారినట్టు చప్పుడు లేకుండా కూలింది. మరిది మూట పట్టుకుని అక్క గుమ్మంలోకొచ్చాడు.

"తప్పైపోయింది వదినా. ఒక్క ముక్క పెట్టు, మళ్లీ నాటుకుంటాను."

అప్పుడు నవ్విన వాళ్లంతా మళ్లీ చేరారు. అక్క గోడ అంచు పీకింది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో తీరిగ్గా ముంచి, పట్టకారుతో తీసి అతని చేతుల్లో పెట్టింది.

"ఇదిగో మీ వాటా. వండే ఇచ్చాను. తినండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.

అక్క పోయింది. ఇప్పుడు ఆ గోడకు కుడితి పోసేది నేనే. ముక్క కావాలని ఎవరొచ్చినా పచ్చిదే ఇస్తాను. ఆ మరిది తరఫు వాళ్లొస్తే మాత్రం ముందు పొయ్యి వెలిగిస్తాను.