కాళ్ళు కడిగినంక ఆయన కూసున్నడు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ నా వందనాలు. నిన్న సంఘపెద్ద అన్న మా ఇంటికొచ్చి, రాహేలూ, నువ్వు నర్సు పరీక్షలన్నీ పాసై ఉద్యోగంల చేరినవు గనుక రేపటి కృతజ్ఞత కూడికల సాక్ష్యం చెప్పాలె అన్నడు. పోయేటప్పుడు గుమ్మంల ఆగి, "ఓర్పు గురించి చెప్పు బిడ్డా, దేవుడు నీకిచ్చిన ఓర్పు గురించి చెప్పు" అన్నడు. అన్నా, మీరు పెద్దోళ్ళు, మీ మాట తీసేస్తలేను గానీ, నాకు ఓర్పు రాలేదు! మోకాళ్ళ మీద పడి ఏడాది పొడుగునా అడిగిన, అయినా రాలేదు. ఆయన నాకు ఇంకోటి ఇచ్చిండు, అదేందో చెప్పేటందుకే ఈ మైకు పట్టుకున్న, జర వినుండ్రి.

మా బాపు మీలో చానామందికి తెలుసు. ఆయన కౌలుకు చేసే పొలం ఎయిర్‌పోర్టు కిందికి పోయింది, పొలం పోయినంక పని పోయింది, పని పోయిన మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మా అమ్మ ఈ మందిరం ఊడ్చి, చాపలు పరిచి, ఇంకో రెండిండ్లల్ల అంట్లు తోమి మమ్మల్ని సాకింది. నేను ఇంటరు పాసై ఏం చెయ్యాల్నో తెల్వక ఇంట్ల కూసున్న. అప్పుడు శంషాబాద్ రోడ్డు మీది ఒక ప్రైవేటు దవాఖానోళ్ళు, పేరెందుకు గానీ, ఒక మాట చెప్పిండ్రు. పొద్దుగాల కింద మా దవాఖానల నర్సింగ్ అసిస్టెంట్‌గా చెయ్యి, మధ్యాహ్నం పైన మూడో అంతస్తుల మా నర్సింగ్ స్కూల్ల చదువుకో, ఫీజు జీతంలకెళ్ళి పట్టుకుంటం అన్నరు. నేను ఎంత సంబురపడ్డనో! ఆ రోజు మా ఇంటి మీదికెళ్ళి పోయే ప్రతి విమానానికి చెయ్యెత్తి స్తోత్రం చెప్పిన, మా తమ్ముడు పిచ్చిలేసిందా అని నవ్విండు.

నర్సింగ్ అసిస్టెంట్ అంట! పేరు గొప్ప, ఊరు దిబ్బ. కాగితం మీద ఆ పేరు, నోటితోని మాత్రం "ఏయ్ ఆయా". సరే, ఆయానే. ఆ పనికి నేను ఎన్నడూ సిగ్గుపడలేదు, ఈ మాట మీరు మంచిగ గుర్తుపెట్టుకోండ్రి. బెడ్‌పాన్ పెట్టిన, తీసిన, కక్కిన బట్టలు మార్చిన, పుండ్లు పట్టిన ముసలోళ్ళను పక్కకు తిప్పిన, ఇంట్ల మా బాపుకు చేసిందే అక్కడ అందరి బాపులకు చేసిన. నా కడుపు మండింది పనికి కాదు, పనైపోయినంక గూడ నన్ను మనిషిగ కూసోనియ్యనందుకు మండింది.

ఆయాలకు ఆకుపచ్చ చీర, స్కూలు పిల్లలకు తెల్ల డ్రెస్సు. మధ్యాహ్నం డ్యూటీ దిగంగనే నేను మెట్ల కింద ఉన్న బాత్రూంల చీర విప్పి తెల్ల డ్రెస్సు వేసుకొని, ఉరుక్కుంట మూడంతస్తులెక్కి క్లాసుల కూసొని పుస్తకం తెరిచేదాన్ని. తెరిచి తెరవకముందే టీచరు బల్ల మీది ఫోను మోగేది! కింద వార్డు ఇన్‌చార్జి సిస్టరు. "ఆ ఆయాను పంపండి." డ్యూటీ అయిపోయిన ఆయాను! టీచరు మేడం నా దిక్కు చూసేది, పిల్లలందరు నా దిక్కు తిరిగేటోళ్ళు, నేను పుస్తకం మూసి లేచేదాన్ని. తెల్ల డ్రెస్సు మీద ఆయా పని చెయ్యొద్దని రూలు గనుక, మల్ల మెట్ల కింది బాత్రూం, మల్ల ఆకుపచ్చ చీర. కింది డ్యూటీల వేరే ఆయాలు ఉన్నరు. అయినా నేనే పోవాలె, ఎందుకంటే ఆయా చదువుకుంటే ఆ సిస్టరుకు కండ్లమంట.

ఒకరోజు పైన క్లాసుల మంచం మీదున్న రోగికి స్నానం ఎట్ల చేయించాల్నో చూపెట్టే పాఠం. ఒక ప్లాస్టిక్ బొమ్మను మంచం మీద పండబెట్టి, వేడినీళ్ళు, రెండు తువాళ్ళు, సబ్బు అన్నీ పెట్టిండ్రు. అప్పుడే ఫోను మోగింది. నేను కిందికి పోయిన. కింద నాకు చెప్పిన పనేందో తెలుసా? కాలు విరిగిన ఒక పెద్దమనిషికి మంచం మీదనే స్నానం చేయించుడు! పైన బొమ్మకు స్నానం చేయించినోళ్ళకు హాజరు పడ్డది, కింద మనిషికి స్నానం చేయించిన నాకు గైర్హాజరు పడ్డది! సహోదరులారా, ఇదేం లెక్కనో మీరే చెప్పుండ్రి.

గిట్లనే గైర్హాజర్లు కుప్పపడి ఒకరోజు ప్రిన్సిపాల్ మేడం పిలిచి, నీ హాజరు చాలదు, ఇట్లనే నడిస్తే మొదటేడు పరీక్ష రాయనియ్యం అన్నది. నేను ఇన్‌చార్జి సిస్టరు దగ్గరికి పోయి బతిమాలిన. ఆమె తలగూడ ఎత్తలేదు. "అయితే చదువు మానెయ్. నువ్వు నర్సు కాకపోతే ఎవరికి నష్టం?" అన్నది. పనికి పోతే పరీక్ష లేదు, పని మానితే ఫీజు లేదు, అడకత్తెరల పోకచెక్క లెక్క అయింది నా బతుకు.

మరి మన సంఘం ఏమన్నది? స్త్రీల కూడికల లేచి, ఏడ్చి, ప్రార్థన చెయ్యుండ్రని అడిగిన. పాస్టరమ్మగారు, మీరు ముందు వరుసలనే ఉన్నరు, తప్పుగ అనుకోవద్దు, మీ మనసు మంచిదని నాకు ఎరుకే. మీరు నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగిండు బిడ్డా, మనమెంత? తగ్గించుకో, ఓర్చుకో" అన్నరు. అక్కలందరు ఆమేన్ అన్నరు. నోట్లె నాలుక లేని పిల్ల, బంగారం అని మెచ్చుకున్నరు గూడ. నేను ఇంటికి పోయి, "ప్రభువా, నాకు ఓర్పు ఇయ్యి, నా కోపం తీసెయ్యి, నన్ను ఇంకా తగ్గించు" అని ప్రార్థన చేసిన. ఇంకా ఏం తగ్గిస్తడు? నేల మీదున్నదాన్ని నేల కిందికి తోసుడే కదా! రోజురోజుకు అన్నం సయించకపాయె, పాట పాడబుద్ధి కాకపాయె, ఆదివారం ప్రభువు బల్ల రొట్టె ఇస్తుంటే తీసుకోకుంట తల వంచుకొని బయటికి పోయిన. ఈస్టరు దాటినంక స్కూలు మానేసి ఎయిర్‌పోర్టు దగ్గర సామాన్లు ప్యాకింగ్ చేసే పనిల చేరుదామని మనసుల గట్టిగ అనుకున్న. దేవుడు నన్ను మరిచిపోయిండనుకున్న.

శ్రమదినాలల్ల, ఈస్టరుకు ముందొచ్చే గురువారం, మల్ల పిలిచిన పని చేసి సాయంత్రం ఆకుపచ్చ చీర మీదనే మందిరానికొచ్చిన. పాస్టరు అయ్యగారు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన వాక్యమే చదివిండు. మల్ల ఇదేనా అని నాకు మండింది. ఆయన తువాలు కట్టుకున్నడు, పళ్ళెంల నీళ్ళు పోసిండు, కడిగిండు, తుడిచిండు, ఇదంత నాకు చిన్నప్పటినుంచి తెలిసిందే. అయ్యగారు ఆడ ఆగలేదు, చదువుకుంట పోయిండు. కాళ్ళు కడిగినంక ప్రభువు తన పైబట్ట మల్ల తొడుక్కొని, మల్ల తన తావుకొచ్చి కూసున్నడంట! సహోదరులారా, ఇన్నేండ్లు ఈ మాట ఎవరన్న నాకు చెప్పిండ్రా? కడుగు కడుగు అన్నోళ్ళే గానీ, కడిగినంక ఆయన కూసున్నడని ఒక్కరన్న చెప్పిండ్రా? ఆయన గూడ పని బట్టలు తీసి తన బట్టలు తొడుక్కున్నడు, మెట్ల కింద నేను తొడుక్కున్నట్టే! నాకు ఏడుపు తన్నుకొచ్చింది, కొంగు నోట్లె కుక్కుకొని ప్రార్థన చేసిన, ఓర్పు కోసం కాదు ఈసారి, కొట్లాడుకుంట చేసిన. "ప్రభువా, నువ్వు కూసున్నవు కదా! కడిగినంక నువ్వు నీ తావుల కూసున్నవు కదా! మరి నన్నెందుకు కూసోనిస్తలేరు? నువ్వు సూస్తున్నవా లేదా? ఇగ నాకు ఓర్పు వద్దు, నన్ను కూసోబెట్టు!" అన్న. దేవునితోని గట్ల మాట్లాడొచ్చా అని మీరు అడగొచ్చు. నేను మాట్లాడిన, ఆయన విన్నడు.

ఈస్టరు దాటిన సోమవారం క్లాసుల కూసున్న. ఫోను మోగింది. మేడం, "రాహేలు, కింద పిలుస్తున్నరు" అన్నది. నేను లేవలేదు. "మేడం, నా డ్యూటీ అయిపోయింది. ఇది నా క్లాసు" అన్న. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమైంది. నేను బల్ల అంచు పట్టుకొని కూసునే ఉన్న. ఇన్‌చార్జి సిస్టరు తానే మెట్లెక్కొచ్చి గుమ్మంల నిలబడి, "లేస్తవా లేవవా? రేపటి నుంచి పనికి రాకు!" అని అరిచింది. అప్పుడే ఆమె ఎనుక నుంచి ఖాజాబీ వచ్చింది. మాతోని పనిచేసే ఆయా, పహాడీ షరీఫ్ నుంచి రోజూ బస్సుల వస్తది, పెద్దమనిషి. ఆయాసపడుకుంట, "అమ్మా, ఆ పని నేను చేసేసిన. డ్యూటీ నాది, పోరిది కాదు. పోరిని చదువుకోనీ అమ్మా, పరేషాన్ చెయ్యకు" అన్నది. మన సంఘంల ఎవ్వరూ అనని మాట ఆ తల్లి నోట దేవుడు పలికించిండు! అప్పుడు, ఏడాది నుంచి నన్ను కిందికి పంపిన మా టీచరు మేడం గూడ లేచి నిలబడ్డది. "ఈమెకు పడ్డ గైర్హాజర్లన్నీ మీరు పిలిస్తే పోయినవే. నేనే పంపిన. ప్రిన్సిపాల్‌కు నేనే చెప్త" అన్నది.

చెప్పింది గూడ. క్లాసుల ఫోను తీసేసిండ్రు. నన్ను పనిలకెళ్ళి తీసెయ్యలేదు. పోయిన క్లాసులకు మాత్రం ఎండకాలం సెలవులల్ల నేనొక్కదాన్నే ఖాళీ క్లాసుల కూసొని పూర్తి చెయ్యాలన్నరు, అది గూడ నాకేదో మేలు చేస్తున్నట్టు చెప్పిండ్రు! తప్పు వాళ్ళది, సెలవులు నాయి. అయినా పోయిన, ఫ్యాను లేని గదిల చెమటలు కక్కుకుంట చదివిన, పరీక్ష రాసిన, ఒక్కో ఏడు దాటుకుంట చివరికి నర్సునైన. నోట్లె నాలుక లేనిదానికి నాలుక ఇచ్చింది ఆ దేవుడే, దేవునికే మహిమ! ఆ సిస్టరమ్మను క్షమించినవా అని కొందరు అడుగుతరు. రోజూ క్షమిస్తున్న, రోజూ మల్ల కోపమొస్తది, మల్ల క్షమిస్తున్న. ఇప్పుడు అత్తాపూర్ దిక్కు ఒక దవాఖానల చేస్తున్న, మా వార్డుల ఆయాలు పనైనంక నా పక్క కుర్చీలనే కూసొని చాయ్ తాగుతరు.

ఇగ ముగిస్తున్న. ప్రభువును నమ్ముకోండ్రని పిలుపు ఇయ్యమన్నడు అయ్యగారు. నమ్ముకోండ్రి సహోదరులారా, మన కాళ్ళు కడిగి, కడిగినంక మన సరసనే కూసున్న దేవుడు ఇంకొకడు లేడు. మీ కోపం గూడ ఆయన దగ్గరికే తీసుకపోండ్రి, ఆయన ఎల్లగొట్టడు.

గానీ ఆమేన్ అనకముందు ఒక మాట. మీరందరు నా దిక్కు చూస్తున్నరు గనుక మీ ఎనుక ఏమున్నదో మీకు కనవడదు, నాకు కనవడుతున్నది. గుమ్మం కాడ ముగ్గురు ఆడోళ్ళు నిలబడ్డరు. పొద్దుగాల ఈ మందిరం ఊడ్చింది వాళ్ళే, ఎనుక పొయ్యి మీద మనకు ప్రేమవిందు వండుతున్నది వాళ్ళే. నేను మొదలుపెట్టినప్పటి నుంచి నిలబడే వింటున్నరు, అందుల ఒకామె నన్ను కన్నతల్లి. నాకు వేసిన ఈ కుర్చీ తుడిచింది గూడ ఆమెనే! ముందు వరుసల కుర్చీలు ఖాళీగ ఉన్నయి, అతిథుల కోసమంట. ఇంకెవరొస్తరు అతిథులు? అమ్మగారు, జర పక్కకు జరుగుండ్రి. అక్కలారా, చేతులు తుడుచుకొని రాండ్రి. పప్పు మాడితే మాడనీ, ఇయ్యాల మాడిన పప్పే తిందాం. అమ్మా, తల వంచుకోకు, నిన్నే పిలుస్తున్న, నడుమకెళ్ళి రా. నువ్వొచ్చి ఈడ కూసున్నంకనే నేను ఆమేన్ అంట.