నా మణికట్టు మీది వాత

నల్లగా పుట్టడం కూడా ఒక తప్పేనని నా చిన్నప్పుడే తెలిసింది. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో పిల్లలు నన్ను కర్రిపిల్ల అని పిలిచేవాళ్లు. అది విని నాకంటే పక్కింటి అక్కే ఎక్కువ బాధపడేది. వాళ్ల పెరట్లో బొప్పాయి చెట్లు విరగకాసేవి. "రోజూ తినవే, మొహం నిగనిగలాడుద్ది" అని పొద్దునా సాయంత్రం కోసిపెట్టేది. అక్క మాటంటే నాకు వేదవాక్కు. అన్నం మానేసి మరీ తిన్నాను.

ఎండాకాలం సగమయ్యేసరికి నా అరచేతులు, అరికాళ్లు, ముక్కు కొస పచ్చబడ్డాయి. అంతకు ముందటేడే మా తమ్ముణ్ని కామెర్లు పొట్టన పెట్టుకున్నాయి. నా చేతులు చూసి మా నాయనమ్మ కూలబడి ఏడ్చింది. ఆ వెంటనే రెక్క పట్టుకుని వాతలు పెట్టే తాత దగ్గరికి లాక్కెళ్లింది. కామెర్లంటే మా వైపు అదే వైద్యం. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి మణికట్టు మీద పెట్టడం, తర్వాత చప్పిడి పథ్యం. పథ్యంలో పండ్లు ముట్టకూడదు. నా చర్మం కాలిన వాసన ఇప్పటికీ మరిచిపోలేదు.

మెల్లగా పసుపు పోయింది. వాత మహిమేనని ఊరంతా అన్నారు. కాకి వాలడం, తాటిపండు రాలడం.

ఆ వానాకాలం అక్కకు నిజంగానే కామెర్లు వచ్చాయి. జ్వరం, వాంతులు, కళ్లు పసుపు ముద్దలు. వాళ్ల నాన్న ఆస్పత్రికి బండి కడుతుంటే నాయనమ్మ నన్ను తీసుకెళ్లి నా చెయ్యి చూపించింది. "ఒరే అబ్బాయ్, ఆస్పత్రెందుకురా? ఇదిగో, నా మనవరాలు బతికి బట్టకట్టలా?" అంది. ప్రేమతోనే అంది. ఆయన బండి విప్పేశాడు.

అక్కకూ వాత పెట్టించాడు. ఆ పుండు మానకముందే అక్కకు స్పృహ తప్పింది. అప్పుడు పేట ఆస్పత్రికి తీసుకెళ్లారు, మేమూ వెళ్లాం. ఇంత ఆలస్యమెందుకు చేశారని డాక్టరు గారు కోప్పడితే, నాయనమ్మ మళ్లీ నా చెయ్యే చూపించింది. ఆయన నా కనురెప్ప ఎత్తి చూశారు.

"అప్పుడు ఈ పిల్ల కళ్లు పచ్చబడ్డాయా?"

"లేదయ్యా, తెల్లగానే ఉండాయి. చేతులే..."

"ఏం తినేది?"

"బొప్పాయిపండ్లు. చానా తినేది."

"ఆ పండు రంగే ఒంటికి పట్టిందమ్మా. తినడం మానింది, పోయింది. దీనికి అసలు కామెర్లే రాలేదు."

నాయనమ్మ నా మణికట్టును తన అరచేత్తో మూసేసింది. చాలాసేపు వదల్లేదు. మర్నాడు అక్క పోయింది.

తర్వాత నాయనమ్మ బతికినన్నాళ్లూ, ఎవరింట్లో కామెర్లన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. తన తప్పు తన నోటితోనే చెప్పేది. ఒకరిద్దరు మొహం మీదే తిట్టారు. తలవంచుకుని పడింది గానీ వెళ్లడం మానలేదు. నాకు ఆ ముసలిదాని మీద కోపమూ ఉండేది, జాలీ ఉండేది. ఇప్పటికీ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు ఆమె పని నాది. మొన్న ఒక తల్లి కళ్లు పచ్చబడి, జ్వరంతో ఉన్న బిడ్డను చంకనేసుకొచ్చి నా చెయ్యి పట్టుకుని చూసింది. "వాత పెడితే తగ్గిందంటగా పెద్దమ్మా?" అంది.

"దీంతో నాకేం తగ్గలేదమ్మా, ఇది చూసి మా అక్క పోయింది" అని చెప్పి, ఆటో పిలిచి, నేనూ ఎక్కాను.