నిసు రొట్టెకు నేను అంటించిన చీటీ

ఈ రోజు ఒక పెద్దావిడకు వాళ్లమ్మ నేర్పిన మాట తప్పని కొట్టేశాను. నన్నెవరూ అడగలేదు.

అమెరికాలో మేముండే బాతెల్‌లో, మా పేట లైబ్రరీ కోసం ఏటా ఇళ్లలో చేసిన రొట్టెలు, కేకులు బల్ల మీద పెట్టి అమ్ముతాం. పేర్ల చీటీలు ప్రింట్ చేసే పని నాది. మా పక్కింటావిడకు ఎనభై దాటాయి. తాతల కాలంలో ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబం. యాలకుల పొడి వేసి జడలా అల్లిన తియ్యటి రొట్టె తెచ్చి, కాగితం మీద ‘నిసు’ అని రాసిచ్చింది. నేను ఫోన్‌లో వెతికాను. ఫిన్లాండ్‌లో దాన్ని ‘పుల్లా’ అంటారని మొదటి వాక్యంలోనే కనబడింది. చీటీ మీద అదే టైప్ చేసి అంటించాను.

ఆవిడ చీటీ చూసింది. “మా అమ్మకు తను చేసే రొట్టె పేరు తెలియదంటావా?” అంది. నేను ఫోన్ చూపించబోయాను. రొట్టెను గుడ్డలో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

“నాన్నా, ఆంటీ వర్డ్ నువ్వెందుకు చేంజ్ చేశావ్?” అంది మా అమ్మాయి.

“కరెక్ట్ చేసిన బిడ్డా.”

“అంకుల్స్ నీ ఉల్లిగడ్డని కరెక్ట్ చేస్తే కార్‌లో వన్ అవర్ తిడతావ్ కదా?”

ఒళ్లు మండింది, దాని మీద కాదు, నా మీదే. “ఉల్లిగడ్డ ఏంట్రా, ఉల్లిపాయ అను” అని పార్టీల్లో నవ్వేవాళ్లను చూసి ఇరవై ఏళ్లుగా పళ్లు కొరుకుతున్నాను. మా ఇంటి మాటకు తీర్పు చెప్పడానికి వీళ్లెవరు? ఆ పనే నేనూ చేశాను. అదీ ఒక్క ముక్క రాని భాషలో!

అప్పుడు పేజీలో మిగతాది చదివాను. నిసు అంటే పాత ఫిన్నిష్‌లో గోధుమ. అప్పట్లో అక్కడ రోజూ తినేది రై ధాన్యపు నల్ల రొట్టె. గోధుమ రొట్టె అరుదు కాబట్టి దానికి గోధుమ పేరే నిలిచింది. తర్వాత అక్కడ స్వీడిష్ నుంచి వచ్చిన ‘పుల్లా’ స్థిరపడింది. అంతకు ముందే అమెరికాకు ఓడెక్కినవాళ్లు పాత మాటను వదల్లేదు.

మధ్యాహ్నం ఆవిడ తలుపు కొట్టాను. “పూర్తిగా చదవకుండా మార్చాను. చదివినా మార్చే హక్కు నాకు లేదు. క్షమించండి” అన్నాను.

ఆవిడ తలుపు సగమే తెరిచింది. “వచ్చే ఏడు చూద్దాంలే” అంది. రొట్టె ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

లైబ్రరీకి తిరిగి వెళ్లి, బల్ల మీద ఖాళీ చోట కొత్త చీటీ పెట్టాను: ‘ఇక్కడ నిసు ఉండాలి. లేకపోవడం నా తప్పు.’ బల్ల ఎత్తేసేదాకా పక్కనే నిలబడి, ఏమైందని అడిగిన ప్రతివాళ్లకూ నేను చేసింది చెప్పాను.