గ్రూపు ఒక్కటే వచ్చింది

ఇప్పుడు బస్సెక్కే ముందు ల్యాబ్ ఐడీ కార్డు తీసి బ్యాగులో వేసుకుంటాను. ఆ సాయంత్రం పటాన్‌చెరులో ఎక్కినప్పుడు అది నా మెడలోనే ఉంది. పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి దాన్ని చూసే నన్ను పలకరించింది.

"మేడం, మా తమ్మునికి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కిస్తరు. నాకు మా మేనత్త కొడుకుతోని పెండ్లి కుదిరింది. మాకు పుట్టే పిల్లలకు గట్ల కావద్దని ఇద్దరం రక్తం చూపించుకున్నం. గ్రూపు ఒక్కటే వచ్చింది. ఇగ ఫికర్ లేదు కదా?"

ఇరవై ఏళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నదాన్ని. బ్లడ్ గ్రూపుకూ ఆ జబ్బుకూ సంబంధం లేదు. ఇద్దరి రక్తంలోనూ అది దాగి ఉందేమో చూసే పరీక్ష వేరే ఉంది, పెళ్లికి ముందే చేయించుకోవాలి. ఈ రెండు ముక్కలు చెబితే సరిపోయేది. కానీ షిఫ్టు దిగిన మగవాళ్లు మా సీటు మీదికి వాలి నిలబడి ఉన్నారు. వాళ్లు వింటుండగా కడుపు గురించి, కాన్పు గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. ఆ పిల్ల మాత్రం గొంతు తగ్గించకుండానే అడిగింది.

"మంచిదేనమ్మా" అనేసి, ఇస్నాపూర్‌లో దిగడానికి లేచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను మెట్ల దగ్గరికి చేరేసరికి, వెనక ఫోన్లో ఆమె గొంతు సంబరంగా వినిపించింది.

"అమ్మా, ఏం ఫికర్ లేదట. ల్యాబ్ మేడమే చెప్పింది."